అక్క సర్వ్ చేస్తుండగా

మొన్న చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో టీవీ పెడితే కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ వస్తోంది. మొదటి నుంచి చివరి దాకా చూపించారు. మధ్యలో ఎవరూ తీసేయలేదు. “వాళ్ళు గెలిచారుగా, నీకెందుకమ్మా అంత కోపం?” అంది మా అమ్మాయి నా మొహం చూసి. చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుందని ముందు కాఫీ తాగేశాను.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలోనే అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్క దూరాన ఎక్కడో కాలేజీలో చదువుతూ వాలీబాల్ ఆడేది. అమ్మ ఒక్క ఆటకీ వెళ్ళలేదు. కారణం నిక్కరు. “ఆ లాగు వేసుకుని అంతమంది ముందు గెంతుతుంటే నేను చూడాలా?” అనేది. సెలవులకి అక్క తెచ్చిన ఆ లాగుల్నే ఉతికి, ఇస్త్రీ చేసి మరీ పంపేది. అక్క ఆఖరి సంవత్సరంలో ఉండగా మా వీధికి కేబుల్ వచ్చింది. అందులో పగలూ రాత్రీ కాలేజీ ఆటలే చూపించే ఛానల్ ఒకటి. నాన్న దానికి భక్తులైపోయారు. రూల్స్ తెలియని ఆటలకి కూడా సోఫా అంచున కూర్చుని ఊగిపోయేవారు. ఆ ఏడు అక్క జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఆ ఆట మా ఛానల్‌లో వేస్తారని తెలిసింది. చివరికి అమ్మే, “ఇంట్లో కూర్చుని చూస్తే తప్పేముందిలే,” అంది.

ఆ మధ్యాహ్నం ఇంటి నిండా తెలుగువాళ్ళు. మిరపకాయ బజ్జీల పొగకి స్మోక్ అలారం కూస్తే నాన్న దాని బ్యాటరీ పీకేశారు. అమ్మ మొదట వంటింటి గుమ్మంలో నుంచి ఓరగా చూసింది. కాసేపటికి చేతిలో జల్లిగరిటెతోనే వచ్చి టీవీ ముందు చతికిలబడింది. లాగు మాటే మర్చిపోయి, “కొట్టవే! కొట్టు!” అని అరిచింది. ఆఖరి గేమ్. స్కోరు సమానం. అక్క గీత వెనక్కి వెళ్ళి బంతిని పైకి ఎగరేసింది.

బంతి గాల్లో ఉండగానే బొమ్మ మారిపోయింది. మగపిల్లల బాస్కెట్‌బాల్. అదీ ఆట కాదు, ఆటకి ముందు చేసే వార్మప్! ఒకడు తీరిగ్గా బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. మా అక్క సర్వ్ కన్నా ఆ లేసులే ముఖ్యమని ఎవడో నిర్ణయించాడు.

“పోనీలే చెల్లెమ్మా, ఆడపిల్లల ఆటేగా,” అన్నారు నాన్న స్నేహితుడైన ఒక అంకుల్.

“మీరు నోర్ముయ్యండి అన్నయ్యగారూ,” అంది అమ్మ గరిటె చూపించి.

నాన్న ఛానల్‌వాళ్ళకి ఫోన్ చేసి మర్యాదగా సార్, సార్ అంటుంటే అమ్మ రిసీవర్ లాక్కుంది. “మై డాటర్ ఈజ్ సర్వింగ్. వై యూ కట్?” అవతలివాడు నవ్వి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మీరే మొదలు అన్నాడట. ఆ నవ్వు నేను వినలేదు. అమ్మ మొహంలో చూశాను.

సాయంత్రం అక్క నుంచి కలెక్ట్ కాల్, అంటే డబ్బులు మేము కట్టుకునే ఫోను. ఫోన్ చుట్టూ అందరం మూగాం. అరిచి అరిచి అక్క గొంతు బొంగురుపోయింది. “వి వన్ అమ్మా! లాస్ట్ పాయింట్ నా సర్వ్‌తోనే! యూ సా ఇట్, రైట్? చూశావు కదా?”

అమ్మ అబద్ధం చెబుతుందనుకున్నాను.

“చూడలేదే. ఇన్నేళ్ళూ నేను చూడలేదు. ఇవాళ చూద్దామంటే వాళ్ళు చూడనివ్వలేదు,” అని ఏడ్చింది. అదే అక్క ఆఖరి ఆట.

నాన్న మర్నాడే కేబుల్ తీయించేశారు. అక్క సెలవులకి రాగానే అమ్మ తనని కోటైనా విప్పనివ్వకుండా బయటికి లాక్కెళ్ళి, “ఎలా వేశావో వేసి చూపించు,” అంది. చీర మీద నాన్న కోటు తొడుక్కుని మంచులో నిలబడింది. అక్క ముందు నవ్వింది. అమ్మ మొహం చూసి నవ్వు ఆపి సర్వ్ చేసింది. గరాజ్ తలుపుకి సొట్ట పడింది.

“మళ్ళీ,” అంది అమ్మ.

అమ్మ పోయి చాలా కాలమైంది. అక్కకి ఇప్పుడు మోకాళ్ళు సరిగా వంగవు. ఆ ఆట టేపు ఎక్కడైనా ఉందేమోనని వెతికించాను. లేదు. కాలం నా కోపాలు చాలానే పట్టుకుపోయింది. కానీ ఎవడో మీట నొక్కి మా అమ్మ దగ్గర్నుంచి లాక్కున్న ఆ కొద్దిసేపటిని తిరిగి ఇవ్వలేకపోయింది గనక, ఈ ఒక్క కోపాన్ని మాత్రం నేను కాలానికి ఇవ్వను.