నాలుగూ ఎడమ కాళ్ళే: న్యూ టౌన్ షెడ్డులో మా బల్ల

ఫిబ్రవరి మొదటి ఆదివారం. పొద్దున పొగమంచు, తొమ్మిదికల్లా మంచి ఎండ. బయలుదేరే ముందు కుళాయి దగ్గర రెండు డ్రమ్ములు నీళ్లు పట్టి పెట్టాను. ఈ ప్రయాణం మొదలైంది కూడా ఆ కుళాయి దగ్గరే. భవానీపూర్‌లో మేముండే క్వార్టర్స్ అంతటికీ అదొక్కటే. మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లు కలకత్తా రోడ్లు ఊడ్చి రిటైరైంది. మోకాళ్లు అరిగిపోయాయి, నేల మీద కూర్చుంటే లేవలేదు. అందుకని నీళ్లొచ్చేదాకా బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంటుంది. డిసెంబరులో ఆ డబ్బా జారి పడిపోయింది. ఆ వారమే టీ కొట్టు గోడ మీద ఒక కాగితం చూశాను: చేతి పనిముట్లతో చెక్కపని, కొత్తవాళ్లు నలుగురు కలిసి ఐదు ఆదివారాల్లో కూర్చునే బల్ల ఒకటి చేస్తారు, చెక్కతో సహా మనిషికి రెండున్నర వేలు. మొదటి రోజు పని నేర్పే వడ్రంగి మిస్త్రీ "తయారైన బల్ల ఎవరింటికి వెళ్లాలి?" అని అడిగితే, ఎప్పుడూ వెనక నిలబడే నేను చెయ్యెత్తాను. మిగతా ముగ్గురూ సరేనన్నారు. ఇది ఐదో ఆదివారం. మర్నాటి నుంచి షెడ్డు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఇవాళ బల్ల నిలబడకపోతే ఇక ముక్కలే.

ఆదివారాల్లో మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది. తొమ్మిది దాటాక ఎక్కి, ఎస్ప్లనేడ్‌లో రైలు మారి, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో దిగాను. అక్కడి నుంచి న్యూ టౌన్‌కి షేర్ ఆటో. ఒళ్లో ఉలి, దాన్ని కొట్టే కొడతి ఉన్న సంచీ చూసి డ్రైవరు "తలుపు బిగించడానికా దాదా?" అన్నాడు. తల ఊపాను. వివరించాలంటే చాలా చెప్పాలి. పదిన్నరకు ఐదు నిమిషాల ముందే కొత్త అపార్ట్‌మెంట్ల వెనకున్న రేకుల షెడ్డు చేరాను.

మా మిస్త్రీ పేరు నిమాయ్ దా. నాతోపాటు నేర్చుకుంటున్నవాళ్లు ముగ్గురు: విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు పద్మజ గారు, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ పని చేసే శుభో, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన. బల్లకు నాలుగు కాళ్లు, మనిషికొకటి. ప్రతి కాలికీ పొడుగు అడ్డకర్ర దూరడానికి ఒక బెజ్జం, దాని పక్క ముఖం మీద కాస్త కిందగా పొట్టి అడ్డకర్రకు ఇంకో బెజ్జం. కిందటి వారం నిమాయ్ దా పెళ్లికి వెళ్తూ, తను గీతలు గీసిన ఒక కాలు మా ముందు పెట్టి "అచ్చం ఇలాగే" అన్నాడు. అచ్చం అలాగే చేశాం. ఇవాళ జిగురు లేకుండా ఊరికే నిలబెట్టి చూస్తే రెండు కాళ్లు ఒదిగాయి. మూడోది ఎటు తిప్పినా ఒక బెజ్జం బయటికి చూస్తోంది. నాలుగోదీ అంతే.

నిమాయ్ దా నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. "ఆరే బాబా! నాలుగూ ఎడమ కాలి చెప్పులే! రెండు ఎడమవి, రెండు కుడివి ఉండాలి. ఒక్కరికీ కనబడలేదా?"

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకోసాగారు. శుభో ఫోన్‌లోకి తల దించాడు. "నాకు కనబడింది," అన్నాను.

నిజంగానే కనబడింది. కిందటి వారం నేను చేసిన కాలిని పద్మజ గారు చేసిన దాని పక్కన పెట్టినప్పుడు, రెండూ ఒకే వైపు చూస్తున్నాయేమిటా అనుకున్నాను. మిస్త్రీ గీసిందే కదా, నాకేం తెలుసని ఊరుకున్నాను.

"చూసి కూడా చెప్పలేదా?" అన్నాడు నిమాయ్ దా. "చా కావాలా అన్నా తల ఊపుతాడు, చెయ్యి తెగిందా అన్నా తల ఊపుతాడు. నోరు విప్పని చుప్‌చాప్ దాదా!"

"తప్పు మీ ఒక్కరిదే ఏం కాదులెండి," అన్నారు పద్మజ గారు తెలుగులో, నాతో. "నేనైతే చూడను కూడా చూడలేదు."

దారి ఒకటే ఉంది. రెండు కాళ్లకు తప్పు బెజ్జాన్ని చెక్క ముక్కతో పూడ్చి, ఎదుటి ముఖం మీద కొత్తది తవ్వాలి. ఒక్క బెజ్జానికే మాకు ఒక ఆదివారం పట్టింది. ఐదింటికి చిన్న ట్రక్కు వస్తుంది. ఎవరి కాళ్లు తీసుకోవాలంటే ముందు నాది అన్నాను. పద్మజ గారు తనది ముందుకు జరిపారు. "మీరు పక్కన పెట్టి చూసింది దీన్నే కదా, కానివ్వండి."

బల్లకు వాడింది పాత తలుపుల టేకు. దానికి సరిపోయే తునక మిగల్లేదు. తెల్లటి మామిడి చెక్కతో పూడ్చాం. ఒకరు ఉలి కొడితే ఒకరు కాలు కదలకుండా పట్టుకోవడం, శుభో పని ఉలికి పదును పెట్టడం, మాస్టారు మూలమట్టం పెట్టి కొలవడం. ఒంటిగంటకు రోడ్డు పక్క హోటల్లో అన్నం, గుడ్డు కూర తిన్నాం, డెబ్భై రూపాయలు. వడ్డించే దీదీ మా జుట్టులో రంపంపొట్టు చూసి "ఇంత పొట్టు రాలిందంటే చెక్క మిగిలిందా?" అంది. శుభోకి పొలమారింది.

మూడు దాటాక పద్మజ గారు గీత గీసుకుని ఉలి ఆనించారు. కొడతి పైకి లేచింది. నేను చూశాను. మళ్లీ తప్పు ముఖమే.

"ఆపండి!"

షెడ్డు మొత్తం ఆగిపోయింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అటు కాదు, ఇటు," అన్నాను. ఆవిడ కాలిని నిలబెట్టి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అమ్మో! ఇంకొక్క దెబ్బ పడుంటే!"

నిమాయ్ దా షెడ్డు ఆ చివరి నుంచి అరిచాడు. "చుప్‌చాప్ దాదా మాట్లాడాడు! ఎవరైనా చా తెప్పించండి!"

ఐదున్నరకు బల్ల నిలబడింది. అరగంట కాచుకున్న ట్రక్కు డ్రైవరు సణుగుతూ వచ్చి, దాని మీద కూర్చుని, అటూ ఇటూ ఊగి, "గట్టిదే" అని తనే ఒక కొస ఎత్తాడు. భవానీపూర్ దాకా తొమ్మిదివందలు తీసుకున్నాడు. ముందుగా మాట్లాడుకుంటే ఇంకా తగ్గుతుందట.

క్వార్టర్స్‌లో దించగానే పెద్దమ్మ చుట్టూ తిరిగి చూసింది. కళ్లు సరిగా ఆనకపోయినా వేలు నేరుగా తెల్ల ముక్క మీదికే వెళ్లింది.

"ఏటిరా ఇది? కొత్త బల్లకే మాసికేసినారేటి?"

"తప్పు తవ్వాం పెద్దమ్మా. పూడ్చాం."

"మోయగలదా?"

"డ్రైవరు కూకున్నాడు."

నెమ్మదిగా కూర్చుంది. రెండు చేతులతో మోకాళ్లు రాసుకుంది. "మరైతే ఆ మేస్త్రీనే అడుగు. నా మోకాళ్లకీ సెరో మాసికా ఎయ్యమను."

ఇది సోమవారం పొద్దున ఆ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. ఐదు వారాల్లో నాకు ఉలి పట్టుకోవడం వచ్చింది. చిత్రిక పట్టడం ఇంకా సరిగా రాలేదు. బెజ్జం తవ్వేటప్పుడు ఆ కాస్త చెక్క తప్ప ఇంకేమీ గుర్తుండదు, అది నాకు నచ్చింది. కానీ నిన్న నేను చేసిన వాటిలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది ఉలితో చేసిన పని కాదు. ఆ ఒక్క అరుపు వారం ముందే అరిచుంటే మామిడి ముక్కలతో పని ఉండేది కాదు. అయితే ఇప్పుడు ఆ తెల్ల ముక్కలు లేకుండా ఈ బల్లను ఊహించుకోలేను. మీలో ఎవరైనా ఇలాంటి పని నేర్చుకోవడానికి వెళ్తే ఒక్క మాట: ఉలి ముట్టుకునే ముందు నాలుగు కాళ్లూ బల్లకు ఎలా ఉంటాయో అలా నిలబెట్టి, లోపలి ముఖాలన్నిటికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇక న్యూ టౌన్ నుంచి తిరుగు ఆటోల సంగతి. సాయంత్రం ఆరు దాటితే సెక్టర్ ఫైవ్‌కి... పెద్దమ్మ బిందెతో వచ్చి నిలబడింది. నీళ్లొచ్చే వేళయిందట. నేను లేస్తే కూర్చుంటుందట.