అత్త ఊడ్చిన ఒడ్డు

ఆ దీవికి నేను ఒక పుస్తకం చదివి బయల్దేరాను. మా అత్త చీపురు పట్టుకుని వచ్చింది.

బియ్యం డబ్బాకీ దుప్పట్లకీ మధ్య కొబ్బరి ఈనెల చీపురు కట్ట కనిపిస్తే, "అడవిలో ఇదెందుకత్తా?" అని అడిగాను.

"అడివైతే ఏటి? మనం పడుకునే సోటు కాదేటి?" అంది.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్. అత్తవాళ్లు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో సహా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను. బడి మధ్యలో మానేశాను కాబట్టి నా చదువంతా లైబ్రరీలోనే సాగింది. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాకే సరిపోయేవి. అవి అయ్యాక హిందీ, ఆ తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. సముద్రపు తాబేళ్ల మీద ఒక లావుపాటి పుస్తకాన్ని అలాగే మాట మాటా వెతుక్కుంటూ చివరిదాకా చదివాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు.

మా ఆయన అటవీశాఖ పడవ నడిపేవాడు. ఊళ్లు లేని దీవుల్లో గార్డుల క్యాంపులకు రేషను చేరవేయడం ఆయన పని. తాబేళ్లు గుడ్లు పెట్టే దీవి ఒకటుందని తెలిసినప్పటి నుంచి నేను పోరుపెడితే, చివరికి అనుమతి కాగితం తెచ్చాడు. మమ్మల్ని అక్కడ దింపి, మిగతా క్యాంపులు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకుంటానన్నాడు. అత్త తనంతట తనే తయారైంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న వలలో తాబేలు పడితే, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి నీళ్లలోకి వదిలేసేవాడట. కూర్మావతారం కదా. "ఆ సామి ఒడ్డెక్కితే ఎలగుంటాడో ఒక్కపాలి సూడాల," అంది.

పడవను ఇసుక మీదికి ఈడ్చి, సామాను దింపి, టీ తాగి మా ఆయన వెళ్లిపోయాడు. మాకిచ్చిన గది తాటాకు కప్పు, చెక్క గోడలు. చీమలెక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన రేకు డబ్బాలు. తాగడానికి డ్రమ్ముల్లో పట్టిన వాన నీళ్లు. స్నానం బావి దగ్గర, అదీ ఉప్పగానే. పక్క గుడిసెలో గార్డు ఒక్కడే ఉంటాడు. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న హోప్ టౌన్‌లో పుట్టిన తెలుగు మనిషే, మాట సగం హిందీ. ఆ సాయంత్రమంతా నేనతన్ని ప్రశ్నలతో చంపేశాను. ఈ చెట్టు పేరేమిటి, ఆ కూత ఎవరిది, ఉడుములు గుడ్లను ఎలా పసిగడతాయి.

"దీదీ, కాస్త ఊపిరి తీస్కో," అన్నాడు.

"ఇంట్లోనూ ఇంతే బాబూ. ఉప్పు తక్కువైందంటే ఉప్పు ఎక్కడ పుట్టిందో సెప్తాది," అంది అత్త.

మర్నాడు పొద్దున్నే ఈనె చీపురు చప్పుడుకి మెలకువొచ్చింది. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లనిదే అత్త ఎవరినీ గడప దాటనివ్వదు. ఇక్కడ వాకిలికి హద్దు లేదు కాబట్టి, మా గది మెట్ల నుంచి అటు ఊదా పూల తీగ దాకా, ఇటు తడి ఇసుక దాకా శుభ్రంగా ఊడ్చేసింది. మెట్ల ముందు పిండితో ముగ్గు కూడా వేసింది.

రోజూలాగే తాబేలు జాడల కోసం ఒడ్డు అటు చివరి దాకా నడిచి గార్డు తిరిగొచ్చాడు. వచ్చినవాడు ముగ్గు దగ్గర ఆగిపోయాడు.

"మాసీ, ఇక్కడ ఝాడూ ఎవరు కొట్టారు?"

"నానే. ఏటి, బాగోనేదా?"

అతను నీళ్ల వైపు చూపించాడు. తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టు పెద్ద చార ఒకటి పైకి వస్తోంది. పక్కనే దిగిపోయిన చార ఇంకొకటి. రెండూ అత్త ఊడ్చిన చోటు అంచు దగ్గర ఆగిపోయాయి. ఆ ఏడు ఆ ఒడ్డుకి వచ్చిన మొదటి తాబేలు అది.

"నా కొడుకు పడవ ఈడ్సిన గాడనుకున్నాను," అంది అత్త, గొంతు తగ్గించి.

గుడ్లు ఎక్కడున్నాయో ఆ జాడే చెప్పాలి. అమావాస్య పోటు ఆ రాత్రికి మెట్లదాకా వస్తుందని, ఉప్పునీళ్లలో నానితే గుడ్లు మురిగిపోతాయని గార్డు చెప్పాడు. తీసి ఎత్తు మీద గుడ్ల కోసమే కట్టిన కంచెలో పూడ్చాలి. అదీ పొద్దెక్కేలోపు. ఆలస్యంగా కదిపితే లోపలి పిల్ల బతకదు. ఇంత మేర కర్ర గుచ్చి వెతికితే గుడ్లే పగులుతాయి.

అత్త చీపురు కింద పడేసి ఇసుకలో కూలబడింది. "మా నాయన బొట్టెట్టి పంపేవోడు. నాను సామి అడుగే తుడిసీసినాను," అంది.

నాకు పుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది. గుడ్లు పెట్టాక తాబేలు ముందుకాళ్లతో ఇసుకను వెనక్కి దూరంగా విసిరి గుంటను దాచేస్తుంది. ఇసుకను అత్త సర్దేసింది, సరే. ఆకుల్ని ఊడవలేదు కదా. తీగ వెంట వంగి చూసుకుంటూ నడిచాను. ఒకచోట ఆకుల మీద ఇసుక చల్లినట్టుంది. అక్కడి నుంచి చాలా దూరం అలాగే ఉంది. సంతోషం సగంలోనే ఆగింది. గుంట ఇందులో ఎక్కడో పుస్తకం చెప్పలేదు.

"అత్తా, ఈ పక్క ఊడ్చినప్పుడు ఎలా ఉంది?"

"ఎలగుంటాది, ఇసకలాగే," అని విసుక్కుంది. లేచి, చీపురు తీసుకుని, పొద్దున నడిచినట్టే వెనక్కి వెనక్కి అడుగులేసింది. తీగ పక్కన ఒకచోట ఆగింది. "ఇదిగో, ఈడ మడమ దిగిపోనాది. ఎండ్రకాయ బొరియ అనుకున్నాను."

గార్డు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వాడు. మోచెయ్యి దాటేదాకా ఏమీ లేదు. ఆ తర్వాత అతని చెయ్యి ఆగింది. తడిసిన తెల్లని గుడ్డు ఒకటి, బంతిలా గుండ్రంగా, పైకి తీశాడు. నేను ముట్టుకుంటే తోలులా మెత్తగా ఉంది. కోడిగుడ్డులా గట్టిగా ఉండదని చదివాను గాని, చదవడం వేరు, వేలు తగలడం వేరు.

"ఏ వైపు పైకుంటే ఆ వైపే పైకుండాలి మాసీ. తిప్పొద్దు," అంటూ అత్త చేతికే ఇచ్చాడు. ఆమె ఒక్కొక్కటే అందుకుని ఇసుక పరిచిన బకెట్లో పెట్టింది. కంచెలో పూడ్చడం అయ్యాక కొంగుముడి విప్పి, "పసుపెట్టొచ్చా బాబూ?" అంది.

"గుడ్లకొద్దు. గుంజకి పెట్టుకో."

గుంజకి పసుపు రాసి దండం పెట్టింది. రాత్రి అలల చప్పుడు మెట్లదాకా వచ్చింది.

తెల్లారేసరికి అత్త మంచం ఖాళీ. చీపురు మాత్రం మూలనే ఉంది. బయటికొచ్చి చూస్తే, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, తల వంచుకుని, ఒడ్డు అటు చివర నుంచి నడిచొస్తోంది. గార్డు పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు. ఆమె నేరుగా అతని ముందు నిలబడింది.

"ఎవురూ రానేదు బాబూ. ఇప్పుడు ఊడ్సుకోనా?"

గార్డు లేచి తనూ ఒకసారి ఒడ్డు వైపు చూశాడు.

"ఊడ్చుకో మాసీ. మెట్ల దాకానే."