అల్మారాలో చప్పుడు

1975 వానాకాలం. హుస్సేనీ ఆలంలో మా వడ్రంగి దుకాణానికి పిల్లల సామాను బాగా చేస్తారని పేరుండేది. కుర్చీలో కూర్చుంటే పిల్లల పాదాలు నేలకు ఆనాలి, బల్ల మోచేతి ఎత్తుకు రావాలి, మూలలు గుచ్చుకోకూడదు. అందుకే కొలతలకు నేనే ఇళ్లకు వెళ్లేవాణ్ణి.

అలా ఉప్పుగూడలో సుజాత వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త కరెంటాఫీసులో గుమాస్తా. ఆరేళ్ల కూతురు జ్యోతి. కొత్తగా దిగిన రెండు గదుల ఇంట్లో ఒకటి పిల్లకిచ్చారు. మంచం, బల్ల కొత్తవి కావాలి. పాత సామాన్ల దుకాణంలో కొన్న టేకు అల్మారాను మాత్రం పొట్టిగా కోసి, లేత ఆకుపచ్చ రంగు వేయాలి.

"ఇత్తడి లాకు గట్లనే ఉంచన్నా, మా ఆయనకు మస్తు నచ్చింది," అంది సుజాత.

నేను టేపు తీసి కొలుస్తుంటే జ్యోతి దగ్గరకొచ్చి మెల్లగా అంది: "మామా, దాని తలుపు గట్టిగ పెట్టకు. లోపలున్న అక్క భయపడ్తది."

సుజాత నవ్వేసింది. "కొత్త జాగ కదన్నా, దోస్తులు లేరు. ఒక్కతే గిట్ల ముచ్చట పెట్టుకుంటది."

అల్మారాను దుకాణానికి తెప్పించి తలుపు ఊడదీశాను. లోపలివైపు, నా మోకాలి ఎత్తున, సన్నని గీతలు. నాలుగేసి పక్కపక్కనే, పైనుంచి కిందికి. ఎలుక పళ్ల గుర్తులు నాకు తెలుసు, చెదలు తిన్న దారులూ తెలుసు. ఇవి అలా లేవు. లాకు చూస్తే స్ప్రింగ్ లాచ్. అంటే తలుపు మూయగానే దానంతటదే పడుతుంది, బయటినుంచి తప్ప తెరుచుకోదు. గీతలన్నీ లాకున్న అంచునే ఉన్నాయి. అమ్మినవాణ్ణి అడిగితే, "పాత నవాబుల దేవిడీ మాల్ భాయ్. ఎవరిదో నాకేమెరుక?" అన్నాడు.

సుజాతను దుకాణానికి పిలిపించి చూపించాను. ఆమె ఒక గీత మీద వేలు పెట్టి, చటుక్కున తీసేసింది.

"తీసెయ్యన్నా ఆ లాకు. మా ఆయనకు నేను చెప్పుకుంట."

దాని స్థానంలో బాల్ క్యాచ్ బిగించాను. స్ప్రింగు మీద చిన్న ఉక్కు గోళీ ఉంటుంది, లోపలినుంచి నెడితే చాలు వదిలేస్తుంది. వెనక చెక్కకు గాలి రంధ్రాలు వేసి, గీతలు పోయేదాకా చిత్రిక పట్టి, రంగు వేసి పంపాను.

నెల తిరగకముందే సుజాత దుకాణానికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, ఆ లాకు తీసేసినవ్ కదా?"

"మీ ముంగటనే తీసిన గదమ్మా. ఏమైంది?"

"నిన్న మధ్యాహ్నం నీళ్లకు పోయొచ్చేసరికి పిల్ల లేదు. గల్లీ అంత దేవులాడిన. ఇంట్లకొస్తే అల్మారాలకెల్లి దబదబ కొడుతున్న సప్పుడు. తలుపు గుంజితే రాలే. రెండు చేతులతోని గుంజిన. లోపల పిల్ల చెమటతోని తడిసి, నువ్వేసిన గాలి బొక్కల కాడ ముక్కు పెట్టుకొని పడున్నది. ఎంత లేపినా లేస్తలేదు. మొఖం మీద నీళ్లు కొడితే కండ్లు తెరిచింది. 'ఎప్పటిసంది కొడుతున్నవే బిడ్డా' అంటే, 'నేను కొట్టలే. నాకు నిద్రొచ్చింది. అక్క కొట్టింది' అన్నది."

పనిముట్ల సంచి తీసుకుని ఆమె వెంటే వెళ్లాను. ముసురుకు చెక్క కొంచెం ఉబ్బి, కొత్త రంగు తోడై, తలుపు చట్రానికి అతుక్కుపోయింది. తలుపు రాకపోవడానికి నా దగ్గర జవాబుంది. స్పృహ లేనంత నిద్రలో ఉన్న పిల్ల తలుపు ఎలా కొట్టిందన్నదానికి ఇప్పటికీ లేదు.

తలుపే తీసేసి పరదా కడదామన్నాను. సుజాత పాత చీర చించి తెచ్చింది. పరదా వేలాడదీయగానే జ్యోతి వచ్చి, ఒక చేత్తో దాన్ని పైకెత్తి, పక్కకు జరిగి నిలబడింది. లోపలినుంచి బయటికి వచ్చేవాళ్లకు మనం దారి ఇస్తాం చూడండి, అలా. కాసేపటికి పరదా వదిలేసి, బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకోసాగింది. సుజాతా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ అక్క మాట ఎత్తలేదని తర్వాత విన్నాను.

పిల్లల గదికి సామాను కొనేవాళ్లు రంగు చూస్తారు, నునుపు చూస్తారు. పిల్లలు మాత్రం ముందు అందులో దూరి చూస్తారు. ఆ ఏడాది నుంచి తలుపున్న ఏ వస్తువునైనా, ఆ ఇంటి పిల్లనే లోపల కూర్చోబెట్టి, తలుపు మూసి, తనంతట తాను నవ్వుతూ బయటికి వచ్చాకే బండెక్కించాను.