సముద్రం లేని ఊళ్లో ఆటుపోట్లు

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడం మొదలైన కొత్తలో, పగటిపూట ఇంటిపట్టున కనపడే మనిషిని మా ఆండర్సన్‌పేటలో ఎవరూ నమ్మేవారు కారు. అందులోనూ నాది సముద్రం ఉద్యోగం. ఆటుపోట్లను, గాలికి తీరం వెంట మళ్లే ప్రవాహాలను కంప్యూటర్ ముందుగా లెక్కకడుతుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో చూసి సరిదిద్దడం నా పని. (మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి సముద్రం చూడాలంటే రైలెక్కాల్సిందే.)

పక్కింటావిడను సైరన్ అత్త అనేవాళ్లం. గొంతెత్తితే గనిలో షిఫ్ట్ మారిందనుకోవాలి. ఆవిడ రోజూ నా కిటికీ కిందే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే, మా వైఫై వాడుకుంటోందని నాకు అనుమానం. ఆవిడ అనుమానం ఇంకోటని, ఒకరోజు లోపలికొచ్చి తెర మీది రంగుల పటాన్ని వేలితో పొడిచినప్పుడు తెలిసింది.

"ఈ అంకెలేంది పాపా?"

"లోతులత్తా."

ఆవిడ ముఖం మాడిపోయింది. మూతపడిన గని మళ్లీ తెరుస్తారని, కంపెనీ క్వార్టర్స్ ఖాళీ చేయిస్తారని ఊరంతా పుకారు. భర్త ఏళ్ల తరబడి గనిలో దిగినందుకు ఆవిడకు మిగిలింది క్వార్టర్స్‌లో ఆ రెండు గదులే.

"ఈ తెల్లగా ఉండేది?"

"అది నేల. దాంతో మాకు పనిలేదు."

ఇంక చూడాలి! "నేలతో పనిలేదంట! అంటే ఆడుండే మనుషులతోనూ లేదు కదా! కడుపులో పెట్టుకోని చూసుకుంటే, మా ఇండ్ల మీద సర్వేకి కూర్చున్యావా?"

సాయంత్రానికి పాలావిడ కూడా మా గుమ్మం ముందు ఆగలేదు. "టీచరు పని చేసుకోమంటే విన్నావా?" అని అమ్మ నా మీదే విరుచుకుపడింది.

నిజంగా సముద్రమే అయితే రుజువు చేయమంది అత్త. ఆవిడ చెల్లెలిది చెన్నైలో సముద్రపు ఒడ్డునే ఇల్లు. మర్నాడు వీధి వీధంతా చుట్టూ చేరగా వీడియో కాల్. "నీళ్లు పదకొండు గంటల దాకా ఒడ్డున మెట్లెక్కి, ఆ తర్వాత దిగుతాయి," అన్నాను ధీమాగా. పదకొండు దాటింది. చెల్లెలు ఫోన్ అటు తిప్పి, "ఇంగా ఎక్కుతానే ఉండాయి అక్కా!" అంది.

"గాలి నీళ్లను ఒడ్డుకు తోస్తోంది. ఆ గాలిని నేను లెక్కలో సరిగ్గా పట్టుకోలేదు. తప్పు నాదే," అన్నాను నీరసంగా.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "పొండప్పా అందరూ! ఈ పాప సర్వే మనిషి కాదు. మన దగ్గరికొచ్చిన ఆఫీసర్లలో ఒక్కడన్నా తప్పు నాది అన్న్యాడా?"

నేను మాత్రం పరువు పోయిందన్న ఏడుపుతో తలుపేసుకుని ఆ గాలి లెక్క ముందేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. బయట వీధంతా నన్ను నమ్మేసింది. లోపల అప్పటి నేను, ఆ పిచ్చిపిల్ల, లెక్క తప్పిందని ముక్కు చీదుకుంటోంది.