మొదలు ఏం చెప్పిన?

కామారెడ్డిలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో పొద్దున్నే వరండా ఫినాయిల్‌తో కడుగుతారు. మెట్లెక్కుతుంటే ఆ వాసన గుప్పున తగులుతుంది. తగలగానే ఎల్లారెడ్డిలో ఇదే వాసన నిండిన ఒక చిన్న గది, కిటికీ పక్కన మంచం, దాని మీద గోడవైపు తిరిగి పడుకున్న రూతమ్మ టీచర్ కళ్ల ముందుకొస్తారు. బడిలో పిల్లలందరినీ పేరుపెట్టి పిలిచిన మనిషి ఆమె. చివరిసారి చూడబోతే నన్ను ఎగాదిగా చూసి, "ఎవరే నువ్వు? నా ఇంట్లకెందుకొచ్చినవ్? పో!" అని కసిరారు. నేనిచ్చిన బత్తాయి రసం గ్లాసును తోసేశారు. మతిమరుపు జబ్బు అప్పటికే ఆమెను సగం తినేసింది. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట. టీచర్ పోయాక చాలా రోజులు, ఆమె పేరెత్తితే నాకు ఆ ఒక్క మాటే వినిపించేది. అంతకుముందు ఆమె చెప్పిన వేల మాటలు ఎటు పోయాయో తెలిసేది కాదు.

ఆ మాటలు ఎటూ పోవని మాకు చెప్పింది కూడా ఆమే. ఎల్లారెడ్డి బడిలో మాకు సైన్సు చెప్పేవారు. గంట కొట్టే ముందు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, "మొదలు ఏం చెప్పిన?" అని అడిగేవారు. ఆఖరున చెప్పిందైతే అందరికీ నోటికొచ్చేది, చేతులెత్తి కేకలు పెట్టేవాళ్లం. మొదట చెప్పింది అడిగేసరికి తలకాయలు వంగిపోయేవి. అది చెప్పేదాకా అన్నానికి వదిలేవారు కాదు. ఆకలితో పేగులు అరుస్తుంటే ఆమెను లోలోపల ఎన్ని తిట్లు తిట్టుకున్నామో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు సరిత ధైర్యం చేసి అడిగింది. "ఆఖరిదే ఎందుకు యాదికుంటది టీచర్?"

టీచర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "బస్తాల ముందుగాల మక్కజొన్నలు పోసి, మీదికెల్లి పెసర్లు పోస్తే, మూతి ఇప్పంగనే ఏం కనవడ్తయి?"

"పెసర్లు."

"మరి మక్కలు ఏడికి పోయినయి?"

"అడుగుకున్నయి టీచర్."

"గంతే. ఆఖర్ల పోసింది మూతికాడ ఉంటది. దగ్గరుంటది గాబట్టి గదే చేతికొస్తది. దగ్గరున్నంత మాత్రాన గదే పెద్దదనుకోవద్దు. చెయ్యి లోపటికి పెట్టి తియ్యాలె, బిడ్డా."

ఆ మాట పరీక్షల కోసమే అనుకున్నాను. తర్వాత సరితతోనే నాకు గొడవైంది. సరిత, నేను ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. ఏదో ఆటలో మాటా మాటా పెరిగి, "మీ బాపు దుబాయిల ఇంకో పెండ్లి చేసుకున్నడంట" అని పదిమందిలో అనేసింది. బాపు ఉత్తరం కోసం అమ్మ ఎదురుచూస్తున్న రోజులవి. నేను బెంచీ మారిపోయాను. దాని మొహం చూస్తే ఒళ్లు మండేది. టీచర్ మా ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి అంతా విన్నారు. సరితను గట్టిగా మందలించి మాఫీ అడిగించారు. నేను మెత్తబడలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "మీరు మొదలు ఎట్ల దోస్తులైన్రు?" అన్నారు.

యాదికి లేదన్నాను. ఆమె కదలలేదు. చాలాసేపటికి మెల్లగా చెప్పాను. బడిలో చేరిన కొత్తలో, ఎండలో ఇంటికి పోతుంటే నా కాళ్లకు చెప్పుల్లేవు. సరిత తన చెప్పుల్లో ఒకటి నాకిచ్చింది. చెరొక్క చెప్పుతో, కాలిన కాలు ఎత్తుకుంటూ ఇద్దరం గెంతుకుంటూ ఇల్లు చేరాం. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది, సరిత ఏడ్చేసింది. టీచర్ అన్నారు: "మొన్నటి మాట అబద్ధమంటలేను. గా చెప్పు గూడ నిజమే. రెండూ యాదికుంచుకో."

ఇంత నేర్పిన ఆమె చనిపోతే, నేను ఆ కసురు దగ్గరే ఆగిపోయాను. ఆమె కూతురు గ్రేస్ పరిస్థితి నాకంటే ఘోరం. తల్లిని ఆఖరిదాకా చూసుకున్నది తనొక్కతే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా పక్కన కూర్చుని, "ఆఖరికి ఏం తిన్నది బిడ్డా? ఏమన్న మాట్లాడిందా?" అని అడిగేవారు. చావింట అలా అడగడం మనవాళ్ల ఆనవాయితీ, ప్రేమతోనే అడుగుతారు. గ్రేస్ ప్రతి ఒక్కరికీ మొదటినుంచి చెప్పేది. మొదటినుంచి అంటే జబ్బు మొదటినుంచి. అన్నం ఉమ్మేయడం, పేరు మరిచిపోవడం, స్నానం చేయించబోతే కొట్టడం. చెప్పిన ప్రతిసారీ ఆ చివరి రోజులే మరింత గట్టిపడుతున్నాయని పక్కన కూర్చున్న నాకు అర్థమవుతూనే ఉంది.

చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు ముందురోజు, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, రేపు అందరి ముంగట అమ్మ గురించి నేను చెప్పాలె. కండ్లు మూసుకుంటే నన్ను కొట్టిన చెయ్యే కనవడ్తుంది. నాకు ఇంకో అమ్మ యాదికొస్తలేదు. జిందగీ అంతా గిట్లనేనా?"

ఓదార్చడానికి నా దగ్గర మాత్రం ఏముంది? నా తలలోనూ ఆ మంచమే ఉంది. తెలియకుండానే నోట్లోంచి టీచర్ ప్రశ్న వచ్చింది.

"గ్రేస్, మొదలు? అందరికంటే ముందటి అమ్మ ఎట్లుండె?"

"ఏం లేదక్కా."

టీచర్ ఆగినట్టే నేనూ ఆగాను. బయట ఆటో ఒకటి వెళ్లిపోయింది. గ్రేస్ మెల్లగా తన చెంప తడుముకుంది.

"సుద్ద," అంది. "బడికెల్లి రాంగనే రెండు చేతులతోటి నా మొకం పట్టుకునేది. చేతులనిండ సుద్దనే. చెంపలు తెల్లగయ్యేటియి. పక్కింటోళ్లు పౌడరేసుకున్నవా అని నవ్వేటోళ్లు. నేను కడుక్కోకపోయేది. పండుకునేదాంక గట్లనే ఉంచుకునేది." కాసేపు తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. "గదే చెయ్యి కదా అక్కా, నన్ను కొట్టింది."

అమ్మ పోయిన తర్వాత గ్రేస్ గుండెలు పగిలేలా ఏడ్చింది అప్పుడే. మర్నాడు చర్చిలో లేచి నిలబడి ఆ సుద్ద చేతుల గురించి చెప్పింది. జబ్బు గురించి కూడా దాచకుండా చెప్పింది, కానీ సుద్ద తర్వాతే చెప్పింది.

ఇప్పటికీ ఫినాయిల్ వాసనకు నాకు ముందుగా ఆ మంచమే కనిపిస్తుంది. "ఎవరే నువ్వు? పో!" అన్న గొంతే వినిపిస్తుంది. బస్తా మూతి దగ్గర ఉన్నది అదే, దాని మీద కోపం తెచ్చుకోను. మెట్ల మీద ఒక్క క్షణం ఆగి, మొదలు ఏమైందని నన్ను నేను అడుగుతాను. మెల్లగా అడుగున ఉన్నది చేతికి తగులుతుంది. బడిలో నా మొదటి రోజు. ఎవరూ తెలియక తలుపు దగ్గరే ఏడుస్తూ నిలబడ్డాను. సుద్ద చేతుల టీచర్ ఒకామె పాఠం ఆపి, నా దగ్గరికి నడిచొచ్చి వంగి అడిగింది.

"ఎవరు బిడ్డా నువ్వు? గడప కాడ్నే నిలబడ్డవేంది? లోపటికి రా."