ముందు సీటు

ఈ రోజు ఉదయం ఏడూ ఇరవైకి మా వీధి కొళాయిలో నీళ్లొచ్చాయి. ఆళ్లగడ్డలో ఇది వార్త కాదు, కాస్త అటూ ఇటూగా రోజూ వస్తాయి. ఎదురింటావిడ బిందె పెట్టి, నన్ను చూసి, "అంతా మీ బావ పుణ్యమేనప్పా" అంది. రోజూ అనే మాట కాదు. నిన్న మా బావ సంవత్సరీకం జరిగింది, అందుకని అంది. నేను తల ఊపి లోపలికి వచ్చాను. ఆ నీళ్ల చప్పుడుకు ఆయన్ని కృతజ్ఞతతో తలుచుకోవాలని నాకూ తెలుసు. కానీ నాకు ముందు గుర్తొచ్చేది భయం. ఆయన శాసనసభ్యుడిగా ఉన్న కాలమంతా మా ఇంట్లో అన్నం, నిద్ర, మాట, అన్నీ భయం చుట్టూనే తిరిగాయి. ఎదురింటావిడకు కనిపించేది కొళాయి. నాకు దాని వెనక ఒక కారు ముందు తలుపు కనిపిస్తుంది.

మా అక్క మొగుడు రాజకీయాలు కోరుకున్నవాడు కాదు. నంద్యాలలో జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాడు. నేను అదే ఊళ్లో లైబ్రరీలో పనిచేసేవాణ్ని. సాయంత్రాలు వచ్చి పుస్తకం తీసుకునేవాడు, గడువు దాటాక ఇచ్చేవాడు, జరిమానా అడిగితే "బామ్మర్దికి కూడా లంచమా?" అని నవ్వేవాడు. ఎన్నికల్లో నిలబడాల్సింది ఆయన మేనమామ. ఒక మధ్యాహ్నం కోయిలకుంట్ల దారిలో, పాత పగలున్న అవతలి వర్గం వాళ్లు మేనమామ బండిని అడ్డగించి ఆయన్ని చంపేశారు. కర్మలు పూర్తయ్యాక పెద్దమనుషులు బావ ఇంటికి వచ్చి చాపల మీద కూర్చున్నారు. మేనమామ కొడుకు కోపిష్టి, మీద కేసులున్నాయి. బావ చదువుకున్నవాడు, మెత్తనివాడు, కాబట్టి ఆయనే నిలబడాలన్నారు. అక్క వంటింట్లోంచి వద్దని చెప్పింది. ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు గనక విన్నట్టు కూడా ఎవరూ కనబడలేదు. బావ గెలిచాడు, తర్వాత ఒకసారి ఓడాడు, మళ్లీ గెలిచాడు. సభలో మాట్లాడుతుంటే టీవీలో చూసేవాళ్లం. "అధ్యక్షా" అని మొదలుపెట్టి, నల్లబల్ల కోసం వెతుక్కుంటున్నట్టు వెనక్కి తిరిగేవాడు. వెనకున్న సభ్యుడు తనతోనే ఏదో అంటున్నాడనుకుని లేచి నిలబడేవాడు.

మొదటి దఫాలో ఆయనకు ఒకటే ధ్యాస, కాలువ చివరి పొలాలకు నీళ్లందించడం. పైనున్నవాళ్లు తూములు తెరుచుకుంటే కిందివాళ్లకు బురద మిగులుతుంది. గొడవల్లో సగం ఆ బురదలోంచే పుడతాయని ఆయన నమ్మకం. కాలువ చివరిదాకా పారితే కత్తులు వాటంతట అవే తుప్పు పడతాయనేవాడు. మేనమామ కొడుకు ఈ మాట విని వక్కపొడి నోట్లో వేసుకునేవాడు.

ఆ రోజుల్లో అక్క నన్నూ ఆళ్లగడ్డ ఇంటికే వచ్చి ఉండమంది. అర్జీలు రాసిపెట్టడానికి అని పేరు. అసలు సంగతి, ఇంట్లో భయపడేవాళ్లు ఇంకొకరు ఉంటే తన భయం కాస్త తేలికవుతుందని. ఆ ఇంటి వసారాలో బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. ఎండాకాలం కూడా పాదాలకు చల్లగా తగిలేవి. వచ్చినవాళ్లంతా ఆ బండల మీదే కూర్చుని బావ కోసం ఎదురుచూసేవాళ్లు. కొత్త ముఖం కనబడితే అక్క ముందు చేతులకేసి చూసేది, తర్వాతే ముఖంకేసి. గేటుకు ఇనుప రేకులు కొట్టించారు కాబట్టి వీధి కనిపించేది కాదు. బండి చప్పుడు వినబడగానే మాటలు ఆగిపోయేవి, అది దాటిపోయాక ఆగిన చోటి నుంచే మొదలయ్యేవి. బయలుదేరేటప్పుడు ఎక్కడికని ఎవరూ అడగకూడదు. ఏ దారిన పోయేదీ డ్రైవరుకు కూడా గేటు దాటాకే తెలిసేది. చేరాక బావ అక్క ఫోనుకు ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేసేవాడు. ఎత్తకూడదు, మాట్లాడకూడదు. ఆ ఒక్క రింగ్ వస్తేనే ఆమె కంచం ముందు కూర్చునేది.

ఒకరోజు ఆ రింగ్ రాలేదు. నంద్యాల చేరాల్సిన సమయం దాటింది, అక్కడి మీటింగు మొదలైపోయిందని ఎవరో చెప్పారు, బావ మాత్రం అందులో లేడు. ఆయన ఫోను మోగుతోంది, ఎత్తడంలేదు. డ్రైవరుదీ గన్‌మన్‌దీ కలవడంలేదు. అక్క వసారా స్తంభం పట్టుకుని నిలబడింది. ఎవరు పిలిచారో తెలియదు, కాసేపట్లో ఇల్లంతా మగవాళ్లు. రెండు బండ్లు గేటు లోపలికి వచ్చాయి. గోనె చుట్టినవేవో వెనక సీట్లలోకి చేరాయి. ఏమిటని నేను అడగలేదు, అడక్కుండానే తెలిసే వస్తువులు. అవతలి వర్గం వాళ్ల ఇల్లు ఎంతో దూరం కాదు, ఊరి మధ్య రోడ్డు దాటితే చాలు.

"ఇంగేం చూస్తాండారప్పా? మా నాయనకు చేసినట్టే చేసినారు. ఎక్కండి" అన్నాడు మేనమామ కొడుకు. నన్ను చూసి, "ఏం సార్, పుస్తకాలాయనా! వస్తాండావా, ఈడే ఉండి చదువుకుంటావా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పోతే చంపడానికి పోవాలి, పోకపోతే బావ కోసం రానివాణ్నవుతాను. నేను కదల్లేదు. అది ధైర్యం కాదు, కాళ్లు రాలేదు, అంతే.

అప్పుడు అక్క స్తంభం వదిలి మెట్లు దిగింది. మొదటి బండి ముందు తలుపు తీసి, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కొంగు సర్దుకుని, "పోదాం పదండి. నేనూ వస్తాండా" అంది.

బయటివాళ్లకు ఇది చెబితే గాని అర్థం కాదు. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. ఆడమనిషి కూర్చున్న బండి జోలికి పోకూడదు. ఆడమనిషిని ఎక్కించుకుని కొట్లాటకు పోకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు, ఎంత పగలోనూ దాన్ని దాటినట్టు మేం వినలేదు. దాటితే సొంతవాళ్లు కూడా నీళ్లు పుట్టనివ్వరు.

"దిగక్కా" అన్నాడు మేనమామ కొడుకు.

"ఎందుకు దిగాల? నా మొగుడు గదా. మీకంటే ముందు నేను పోవాల."

"ఇది ఆడోళ్లు వచ్చే పని కాదు."

"అయితే మగోళ్లు చేయాల్సిన పనీ కాదు. నన్ను చెయ్యి పట్టి దించుతావా? దించు, చూస్తా."

అతని చెయ్యి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. రెండో బండి వాళ్లు మొదటిది కదలకుండా కదలలేరు, గేటు అంత వెడల్పు లేదు. ఎండలో అందరం నిలబడ్డాం. లోపల ఆమె పెదవులు వణకడం నాకు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఎంతసేపో చెప్పలేను. గేటు బయట బండి ఆగింది. ఎవరో గేటు తీశారు. బావ దిగాడు. చొక్కా చేతిలో ఉంది, మోకాళ్ల దాకా బురద.

జరిగింది ఇంతే. గోస్పాడు దగ్గర ఒక రైతు చెయ్యి ఊపి కారు ఆపాడు, కాలువ చివర పూడిక చూడమన్నాడు. బావ ఫోను కార్లో పడేసి, చొక్కా విప్పి, కాలువలోకే దిగాడు. గన్‌మన్, డ్రైవరు గట్టు వెంట నడిచారు, ఆ పొలాల్లో వాళ్ల ఫోన్లకు సిగ్నల్ లేదు. తీరా కారెక్కి చూసుకుంటే ఇంటి నుంచి అన్ని ఫోన్లు. భయపడి, తిరిగి ఫోను చేయాలని కూడా తోచక, వెనక్కి తిప్పించాడు. కాలువ పూడిక సంగతి చెప్పబోయి, వెనక సీట్లలోని గోనె మూటలు చూసి ఆగిపోయాడు.

అక్క దిగలేదు. ఆ సీట్లోంచే చెప్పింది: "ఇంగమీదట నువ్వు యాడికి పోయినా ముందు సీట్లో నేనుంటా."

"పెండ్లాం కొంగు చాటున తిరిగే ఎమ్మెల్యే అంటారే" అన్నాడు బావ.

"అననీ. వినడానికి నువ్వుంటావు గదా."

అప్పటి నుంచి ఆమె అక్కడే కూర్చుంది. అర్జీలు తీసుకోవడానికి నేనూ వెంట పోతుండేవాణ్ని, గన్‌మన్ వెనక్కి, నా పక్కకి వచ్చాడు. గతుకు వచ్చినప్పుడల్లా అతని తుపాకి నా మోకాలికి తగిలేది. భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఇదివరకు కార్లో ఒకరికోసం భయపడేవాణ్ని, ఇప్పుడు ఇద్దరికోసం. పాత కట్టుబాటు కొత్త కుర్రాళ్లకు తెలుసో లేదో. తెలిసినా లెక్కచేస్తారో లేదో. మలుపు మలుపుకీ అదే ఆలోచన.

ఒక వేసవి ఉదయం పల్లె దారిలో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఉన్నాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. పక్కన తుమ్మచెట్ల వెనక మనుషులు కదిలారు. గన్‌మన్ తుపాకి పైకి లేపాడు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. అక్క అద్దం కిందికి దించి, గాజుల చెయ్యి మోచేతి దాకా బయట పెట్టింది. ఆ చెయ్యి అట్లాగే ఉంచి కూర్చుంది.

చెట్ల వెనక నుంచి ఆడవాళ్లు వచ్చారు. అందరి చంకల్లోనూ ఖాళీ బిందెలు.

"ఆ తుపాకీ దించుకోప్పా, నీళ్లు పోస్చావా దాంట్లోంచి?" అంది ముందున్న ముసలావిడ. తర్వాత అక్కను చూసింది. "నువ్వు ఎమ్మెల్యే పెండ్లామా తల్లీ? మంచిదే. ఆయప్ప ఎప్పుడూ కాలువ కాలువ అంటాడు. ఆ నీళ్లే తాగి మా పిల్లోళ్లు కడుపు పట్టుకుని పండుకుంటాండారు. దిగు, మా బాయి చూద్దువు."

అక్క దిగింది. మేమూ వెనకే దిగాం. ఆ బావిలో అడుగున పచ్చగా ఉన్నది నీళ్లు కాదు, పాచి. బావ చాలాసేపు అందులోకి చూస్తూ ఉండిపోయాడు. తిరుగు దారిలో, "ఇన్నేండ్లు నా దగ్గరికి మగోళ్లే వచ్చినారు. మగోళ్లు పొలం నీళ్లే అడుగుతారు" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

ఆ సంగతి పల్లెల్లో పాకింది. కారు ఆగితే ఆడవాళ్లు ముందు కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు. నీళ్ల ట్యాంకులు, కొళాయిలు, చదువుకునే ఆడపిల్లల హాస్టలుకు తలుపున్న బాత్రూములు, నంద్యాలకు పొద్దున్నే బస్సు, సభలో బావ అడిగినవన్నీ ఆ కిటికీలోంచి వచ్చినవే. కాలువనూ వదల్లేదు. పత్రికలు ఆయన ప్రాధాన్యాలు మారాయని రాశాయి. ఎందుకు మారాయో రాయలేదు. భార్య ముందు కూర్చుంటే భర్త ప్రాణం నిలుస్తుందన్న ఆశతో మొదలైందని పేపర్లో ఎట్లా రాస్తారు?

నిరుడు బావ నంద్యాలలో ఆస్పత్రి మంచం మీద, గుండె ఆగి పోయాడు. అన్ని దారులూ కాపలా కాశాం, ఆ దారి మాకు తోచనే లేదు. నిన్న సంవత్సరీకానికి అవతలి వాళ్లింటి పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. మేనమామ కొడుకు ఆయనకు కుర్చీ వేశాడు. ఇద్దరూ షుగరు మాత్రల గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు వింటూ, మా భయం ఏ రోజున వెళ్లిపోయిందా అని ఆలోచించాను. వచ్చిన రోజు తెలుసు, పోయిన రోజు మాత్రం కాలం ఎవరికీ చెప్పలేదు. కారు ఇంకా ఉంది. ఎప్పుడైనా నంద్యాలకు పోవాల్సి వస్తే అక్క వెనక తలుపు తీసుకుని ఎక్కుతుంది. ముందు సీట్లో ఇప్పుడు కూర్చోదు.