మల్లేశ్ బావ ఫోన్‌కు తెరుచుకున్న కారు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇలాంటివి చెప్పబోయే ప్రతివాళ్ళూ ముందు అనే మాటే ఇది కాబట్టి, నా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేను నకిరేకల్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. ఏ ఊళ్ళో భానామతి, చేతబడి అని పుకారు లేచినా తోటి టీచర్లతో కలిసి వెళ్ళి, అరచేతిలో కర్పూరం వెలిగించి, నిమ్మకాయ కోసి ఎర్రటి రసం కారించి, ఇదంతా రసాయనాల పని అని జనానికి చూపించి వచ్చేవాణ్ణి. మా ఇంటికి దిష్టి గుమ్మడికాయ కూడా కట్టనివ్వలేదు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని ఎత్తిపొడుస్తుంది.

అలాంటి నేను ఇది సిగ్గుతోనే రాస్తున్నాను. నలుగురూ నవ్వుతారని కాదు. నవ్వితే నవ్వనీ. నా సిగ్గు ఆరోజు నేను చేసిన పనికి.

కొన్నేళ్ళ కింద ఎలక్ట్రిక్ కారు కొన్నాను. దానికి తాళంచెవి లేదు. ఏటీఎం కార్డు లాంటి కార్డు ఒకటి ఇచ్చారు, తలుపు పక్కన తాకిస్తే తెరుచుకుంటుంది. లేదంటే ఫోనే తాళంచెవి. ఫోన్ జేబులో పెట్టుకుని దగ్గరికి వస్తే చాలు, కారు బ్లూటూత్‌లో పసిగడుతుంది. తలుపుల్లోకి అణిగి ఉన్న పిడులు బయటికి వస్తాయి, ముడుచుకున్న అద్దాలు విచ్చుకుంటాయి. ఎవరి ఫోన్ వస్తే వాళ్ళకు సరిపడేట్టు డ్రైవర్ సీటు కూడా తనంతట తానే జరుగుతుంది.

మల్లేశ్ బావ మా అక్క భర్త. మోత్కూర్ దగ్గర వాళ్ళ ఊరు. మొదట ఆటో, తర్వాత డీసీఎం వ్యాను, మొత్తానికి ఆయన బతుకంతా స్టీరింగ్ ముందే గడిచింది. హైవే మీద లారీలను చూస్తే నాకు చేతులు చెమట పడతాయి. అందుకని ఏ ప్రయాణమైనా బావనే పిలిచేవాణ్ణి. పిలవడం ఎక్కువయ్యాక ఆయన ఫోన్‌ను కూడా కారుకు తాళంగా చేర్చాను. కారు తెర మీద 'మల్లేశ్ బావ' అని పేరు పెట్టాను. కార్డు, నా ఫోన్, బావ ఫోన్. ఆ కారును తెరిచేవి ఇవే.

బావకు అదంటే చిన్నపిల్లల సంబరం. చాయ్ హోటల్ ముందు కారు ఆపి, కావాలనే దూరం పోయి మళ్ళీ నడిచొచ్చేవాడు. పిడులు బయటికి రాగానే అక్కడ కూర్చున్నవాళ్ళతో, "చూసిండ్రా, నన్ను గుర్తువట్టింది" అనేవాడు. ఆయన ఆరడుగుల మనిషి, నేను పొట్టివాణ్ణి. ఆయన ఎక్కితే సీటు వెనక్కి, నేనెక్కితే ముందుకు జరిగేది. నీ సీట్లో కూర్చుంటే మోకాళ్ళు మెడకు తాకుతాయని ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

ఒక ఎండాకాలం గుండెలో నొప్పని బావను నల్లగొండ దవాఖానలో చేర్చాం. అక్క చాయ్ తెస్తానని కిందికి పోయింది. తిరిగి వచ్చేసరికి బావ ముఖం మీదికి దుప్పటి కప్పి ఉంది. అప్పటినుంచి అక్కకు ఒకటే గోస, ఆయనకు ఒక్క మాట చెప్పేది ఉండె, చెప్పనే లేదు అని. ఆ మాట ఏమిటని అడిగితే మాత్రం ముఖం తిప్పుకునేది.

మా వాళ్ళలో పూడ్చిపెడతారు. పోయినవాళ్ళు ఇష్టంగా వాడిన వస్తువు ఒకటి గుంటలో పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మా తాతకు చుట్టల కట్ట పెట్టారు, అవ్వకు వక్కాకు సంచి. బావకు అక్క ఫోన్ పెట్టింది, ఆయన చొక్కా జేబులోనే. అది లేకుంటే ఆయనకు పొద్దుపోదు అంది. అది నా కారు తాళం కూడా అని అక్కడ ఎవరికీ తట్టలేదు. సైన్సు చెప్పే నాకు కూడా తట్టలేదు.

మూడో రోజు అన్నం తీసుకుని బొందలగడ్డకు పోయాం. బావను పెట్టిన చోటు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. కారు ఆ పక్కనే ఆపాను. తిరిగి వచ్చి తలుపు తీస్తే సీటు వెనక్కి జరిగి ఉంది, తెర మీద 'మల్లేశ్ బావ' అని వెలుగుతోంది. వెంట వచ్చినవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. నేను తడుముకోకుండా వివరించాను. ఫోన్‌లో ఇంకా చార్జింగ్ ఉంది, మట్టి వదులుగా ఉంది, దూరం తక్కువ, రేపోమాపో ఆగిపోతుంది. అన్నట్టే పదకొండో రోజు దినాల నాడు అక్కడే కారు ఆపితే సీటు కదలలేదు, బావ పేరు రాలేదు. నేను చెప్పలేదా అన్నట్టు అందరి వంకా చూశాను.

ఆ పేరును కారులోంచి అప్పుడే తీసేయాల్సింది. మనసు రాలేదు.

వానాకాలం గడిచింది. పోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్య నాడు నేనూ అక్కా మాత్రమే పోయాం. నా ఫోన్ అక్క వాళ్ళింట్లో చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాను. జేబులో కార్డు ఉంది కాబట్టి వెనక్కి పోలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. వానలకు మట్టి కుంగి, బావను పెట్టిన చోట ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. కింద ఫోన్ ఏమై ఉంటుందో చెప్పడానికి సైన్సు అక్కర్లేదు. ఆయనకు ఇష్టమైన బోటి కూర, గారెలు విస్తరిలో పెట్టి, దండం పెట్టుకుని వెనుదిరిగాం.

మేమింకా దూరంగా ఉండగానే అద్దాలు విచ్చుకున్నాయి, తలుపుల పిడులు బయటికి వచ్చాయి. జేబు తడుముకున్నాను. కార్డు జేబులోనే ఉంది. అది తాకిస్తే తప్ప పనిచేయదు.

అక్క ఆగలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. "గుర్తువట్టింది తమ్మీ" అని, వెనక తలుపు తీసుకుని కూర్చుంది. నేను ముందు తలుపు తీశాను. సీటు వెనక్కి, ఆరడుగుల మనిషికి సరిపడేంత జరిగి ఉంది. తెర మీద బావ పేరు.

అక్క ముందు సీటు వైపు వంగింది. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడసాగింది.

"ఆ దినం నువ్వు పోకు అన్నవ్. నేను చాయ్ కోసం పోలే. ఎందుకు పోయిన్నంటే..."

దాచడం ఎందుకు, చచ్చేంత భయం వేసింది. లోపలికి వంగి, తెర మీద తాళాల పేర్లు ఉండే చోటు తెరిచి, కార్డు ఆనించి, బావ పేరు తీసేశాను. తీసేయమంటారా అని కారు ఒకసారి అడిగింది. అవునని నొక్కాను.

సీటు నా కొలతకు ముందుకు జరిగింది. ఎప్పుడూ జరిగేంత వేగంగా జరగలేదు. మూలుగుతూ, బరువు మోస్తున్నట్టు నెమ్మదిగా వచ్చింది. అక్క మాట ఆపి, ఆ సీటు జరగడం చివరిదాకా చూసింది.

"ఇంకా నా మాట పూర్తి కాలే తమ్మీ" అంది.

ఇంటి ముందు దిగేటప్పుడు, కారులో ఏదో చెడిపోయి ఉంటుంది అక్కా, చూపిస్తాను అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

సర్వీస్ సెంటర్‌లో చూపించాను కూడా. చచ్చిన ఫోన్ నుంచి సిగ్నల్ రాదు సార్ అన్నారు. కారులోనే ఏదో పాత జ్ఞాపకం మిగిలి ఉండొచ్చు అన్నారు. మరి దినాల నాడు ఆ పేరు ఎందుకు రాలేదంటే, ఏమో సార్ అన్నారు. నేను చదివినంత చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. పోనీ ఆ పేరు మళ్ళీ చేర్చుదామంటే, ఆ ఫోన్ కారు ముందుకు రావాలి. అది లేనిదే కుదరదు.

తర్వాతి పెత్రమాసకు అక్కను మళ్ళీ తీసుకుపోయాను. అదే చోట కారు ఆపి, సీటును నా చేత్తోనే ఎంత పోతే అంత వెనక్కి జరిపి, తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టాను. నువ్వు మాట్లాడుకో అక్కా అని, ఆమె మాట నాకు వినపడనంత దూరం పోయి నిలబడ్డాను. ఎప్పుడూ దేనికీ మొక్కని నేను, ఆ సీటు ఒక్కసారి కదలాలని అక్కడ నిలబడి మొక్కుకున్నాను.

అక్క కాసేపు ముందు సీటును చూస్తూ కూర్చుంది. పెదవులు కదలలేదు. తర్వాత నన్ను చేత్తో పిలిచింది.

"ఖాళీ సీటు గిది. పోదాం పా తమ్మీ."

నేను ఎక్కి, సీటు ముందుకు జరుపుకున్నాను.